కారుకు యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ ఎలా చేయాలి: రోడ్డు మీద ఫొటో నుంచి గ్యారేజీ బిల్లు దాకా

కారు బీమా క్లెయిమ్‌లో గొడవ బయటపడేది డబ్బు దగ్గరే అయినా, దానికి బీజం పడేది చాలాసార్లు మొదటి రోజునే. కాల్ సెంటర్‌కు ఒక మాట చెప్తాం, పోలీసులకు ఇంకో మాట, క్లెయిమ్ ఫారంలో మూడోది. కొర్రీ వేయాలనుకున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? కాబట్టి కింద చెప్పే ప్రతి అడుగులోనూ ఒకటి గుర్తుంచుకోండి: జరిగింది జరిగినట్టు, అన్ని చోట్లా ఒకేలా చెప్పాలి.

ఇది ముఖ్యంగా మీ సొంత కారుకు జరిగిన డ్యామేజీ గురించి. దానికి మీ పాలసీలో ‘ఓన్ డ్యామేజ్’ కవర్ ఉండాలి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మీవల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టాన్ని కంపెనీ భరిస్తుంది తప్ప, మీ బంపర్‌కు రూపాయి కూడా ఇవ్వదు. పాలసీలో ప్రీమియం పట్టిక ఉంటుంది. అందులో ఓన్ డ్యామేజ్ ఎదురుగా అంకె ఉందో సున్నా ఉందో ఇప్పుడే చూసుకోండి. చాలామందికి ఈ సంగతి గుద్దుకున్నాకే తెలుస్తుంది.

1. ముందు మనుషులు, తర్వాత కారు

ఎవరికైనా దెబ్బలు తగిలితే 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద ఉంటే 1033 కూడా పనిచేస్తుంది. అంబులెన్స్, క్రేన్ రెండింటికీ అదే నంబర్. హజార్డ్ లైట్లు వేసి, రాత్రిపూట అయితే కారులోని వాళ్లందరినీ రోడ్డు దిగి పక్కకు వెళ్లమనండి. విజయవాడ హైవే లాంటి చోట ఆగిన కారు వెనక నిలబడి ఫోన్ మాట్లాడటం కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

మీ కారు వల్ల ఎవరైనా గాయపడితే వాళ్లకు వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లో పోలీసులకు చెప్పడం, బీమా కంపెనీకి తెలియజేయడం డ్రైవర్ బాధ్యత అని మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షన్ చెబుతోంది. జనం కోపం మీద ఉండి అక్కడ నిలబడలేని పరిస్థితి ఉంటే ఆ చట్టమే వెసులుబాటు కూడా ఇచ్చింది. అలాంటప్పుడు నేరుగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. ఇంటికి మాత్రం వెళ్లకండి.

2. కారు కదిలించే ముందు ఫొటోలు

ట్రాఫిక్ ఆగిపోయి వెనక నుంచి హారన్లు కొడుతుంటారు. అయినా రెండు నిమిషాలు తీసుకోండి. రెండు బండ్లూ నంబర్ ప్లేట్లతో సహా ఒకే ఫ్రేములో వచ్చేలా ఒకటి, మీ కారు నాలుగు మూలల నుంచి నాలుగు, డ్యామేజీ దగ్గరగా కొన్ని, బ్రేకు వేసిన టైరు గుర్తులు, చుట్టుపక్కల ఊరి బోర్డో కిలోమీటరు రాయో కనిపించేలా ఒకటి తీయండి. డాష్‌క్యామ్ ఉంటే ఆ క్లిప్ వెంటనే వేరుగా దాచండి. అది ఎప్పటికప్పుడు పాతదాని మీదే రికార్డు చేసుకుంటూ పోతుంది.

ఎదుటి బండి వివరాల కోసం ఆ డ్రైవర్‌తో వాదనకు దిగక్కర్లేదు. నంబర్ ప్లేటు ఫొటో ఉంటే చాలు, ఎంపరివాహన్ యాప్‌లో ఆ బండికి బీమా ఉందో లేదో తెలుస్తుంది. పక్కన దుకాణం వాళ్లు చూసి ఉంటే వాళ్ల ఫోన్ నంబర్ తీసుకోండి. సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ దాచి ఉంచమని ఆ రోజే అడగండి.

ఇక రోడ్డు పక్క పంచాయితీ. ‘అన్నా, ఐదు వేలు ఇచ్చేయ్, ఇక్కడితో అయిపోద్ది’ అని ఎవరో ఒక పెద్దమనిషి మధ్యలోకి వస్తాడు. గీత పడిన డోర్‌కు అది సరిపోవచ్చు. కానీ ఎవరికైనా దెబ్బ తగిలినా, మీరు క్లెయిమ్ వేయబోతున్నా ఆ బేరానికి ఒప్పుకోకండి. ‘తప్పు నాదే, ఖర్చంతా నేనే భరిస్తాను’ అని కాగితం మీద రాసివ్వకండి. మీ తరఫున ఎవరూ అలా ఒప్పుకోకూడదని, ముందు కంపెనీ అనుమతి తీసుకోవాలని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. ఎదుటివాడి దగ్గర డబ్బు తీసుకుని రాజీ రాసిచ్చి, మళ్లీ అదే డ్యామేజీకి క్లెయిమ్ వేసినా చిక్కే. అతని నుంచి వసూలు చేసుకునే హక్కు మాకు లేకుండా చేశారు కదా అని కంపెనీ అడుగుతుంది.

3. కింద ఆయిల్ కారుతుంటే తాళం తిప్పకండి

ఈ ఒక్క అడుగులో పోయే డబ్బు మిగతా వాటన్నిటికంటే ఎక్కువ కావచ్చు. కారు కింద రాయి తగిలి ఆయిల్ సంప్ (ఇంజన్ ఆయిల్ ఉండే తొట్టి) పగిలిందనుకోండి. ‘పది కిలోమీటర్లే కదా, షెడ్డు దాకా వెళ్లిపోదాం’ అని నడిపితే ఆయిల్ లేక ఇంజన్ పట్టేస్తుంది. అప్పుడు కంపెనీ సంప్ డబ్బు ఇస్తుంది, ఇంజన్‌ది ఇవ్వదు. రాయి తగలడం ప్రమాదం, దాని తర్వాత నడపడం మీ నిర్ణయం అంటుంది. రేడియేటర్ పగిలి కూలెంట్ పోయినా ఇంతే.

వరద నీళ్లకూ ఇదే వర్తిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అలా మునిగిన కారును నీళ్లు తీశాక ‘ఒకసారి స్టార్ట్ అవుతుందేమో చూద్దాం’ అని సెల్ఫ్ కొడితే సిలిండర్‌లోకి పోయిన నీళ్ల వల్ల కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ (అదనపు ప్రీమియం కట్టి తీసుకునే కవర్) లేకపోతే ఆ ఖర్చు మీదే. బ్యాటరీ వైరు తీసేసి, టోయింగ్ పిలవండి. మామూలు పాలసీలో టోయింగ్‌కు 1,500 రూపాయల దాకా ఇస్తారు, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే వాళ్లే వస్తారు. రసీదు మాత్రం పారేయకండి.

4. కంపెనీకి ఫోన్, అదీ ఆ రోజే

టోల్ ఫ్రీ నంబర్‌కు గానీ యాప్‌లో గానీ చెప్పండి. ఏజెంటుకు చెప్పాం కదా అని ఊరుకోకండి. ఏజెంటుకు చెప్పడం మంచిదే గానీ లెక్కలోకి వచ్చేది క్లెయిమ్ నంబర్. అది మీ ఫోన్‌కు మెసేజ్‌గా వచ్చేదాకా చెప్పినట్టు కాదు.

ఆసుపత్రిలో ఉండి రెండు రోజులు ఆలస్యమైతే కంగారు పడకండి. తగిన కారణం ఉంటే ఆలస్యం ఒక్కటే సాకుగా క్లెయిమ్ కొట్టేయొద్దని 2011లోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకు చెప్పింది. ఆ కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వండి, ఆసుపత్రి కాగితం జత చేయండి.

ఫోన్‌లో అవతలి వాళ్లు ‘ఎలా జరిగింది సార్?’ అని అడుగుతారు, అది రికార్డవుతుంది. తెలియని దానికి తెలియదనే చెప్పండి. టెన్షన్‌లో ‘స్పీడు వంద ఉండొచ్చేమో’ లాంటి ఊహలు చెప్పేస్తారు, తర్వాత అదే కొరివి అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, బండి ఎవరు నడిపారన్నది. లైసెన్సు లేని తమ్ముడు నడిపితే అన్న పేరు రాయడం మన దగ్గర మామూలైపోయింది. ఆసుపత్రి రికార్డు, టోల్‌గేట్ కెమెరా, దెబ్బలు ఎవరికి ఎక్కడ తగిలాయన్నది, అన్నీ కలిపి చూస్తే పెద్ద క్లెయిములో ఇది దాగదు. అప్పుడు పోయేది క్లెయిమ్ ఒక్కటే కాదు, మోసం కేసు కూడా మెడకు చుట్టుకుంటుంది. లైసెన్సు గడువు కూడా చూసుకోండి. గడువు తీరాక ఇంకో 30 రోజులు చెల్లుతుందని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. 2019 సవరణతో ఆ వెసులుబాటు పోయింది.

5. పోలీస్ స్టేషన్‌కు ఎప్పుడు?

మీ కారు డివైడర్‌కు రాసుకుంది, ఎవరికీ ఏమీ కాలేదు: మామూలుగా ఎఫ్ఐఆర్ అక్కర్లేదు, కంపెనీలూ అడగవు. ఎవరికైనా గాయమైనా, ప్రాణం పోయినా, ఎదుటివాళ్ల ఆస్తికి నష్టం జరిగినా, గుద్దినవాడు పారిపోయినా తప్పకుండా ఫిర్యాదు ఇవ్వండి. ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

కేసు పెద్దదైతే కారును స్టేషన్‌లో ఉంచి, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌తో తనిఖీ చేయిస్తారు. కేసును బట్టి స్టేషన్‌లోనో కోర్టు ద్వారానో విడిపించుకోవాలి. ఆ సంగతి కంపెనీకి చెప్తే నష్టం అంచనా వేసే సర్వేయర్ స్టేషన్‌కే వచ్చి చూస్తాడు. కారు బయటికొచ్చాక చెబుదాంలే అని ఆగొద్దు.

6. గ్యారేజీ, ఫారం

కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్న గ్యారేజీ అయితే క్యాష్‌లెస్. అంటే అసలు డబ్బులే కట్టక్కర్లేదని కాదు, కంపెనీ వాటా నేరుగా గ్యారేజీకి పోతుంది, మిగతాది మీరు కట్టాలి. మీకు నమ్మకమైన ఆటోనగర్ మెకానిక్ దగ్గరే చేయించుకోవాలంటే అది రీయింబర్స్‌మెంట్ కింద వస్తుంది. ముందు మీరు కట్టి, బిల్లులు పెట్టి, తర్వాత తీసుకోవాలి. అక్కడ జీఎస్టీ బిల్లు ఇస్తారో లేదో ముందే కనుక్కోండి. తెల్లకాగితం మీద రాసిచ్చే లెక్క కంపెనీ దగ్గర చెల్లదు.

కాగితాలు: ఆర్సీ, ప్రమాదం జరిగినప్పుడు నడిపినవారి లైసెన్సు, పాలసీ, పాన్, ఆధార్, ఎఫ్ఐఆర్ ఉంటే అది, రీయింబర్స్‌మెంట్ అయితే క్యాన్సిల్ చేసిన చెక్కు. ఆర్సీ, లైసెన్సు డిజీలాకర్‌లో ఉంటే చాలు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఒకటి చూసుకోండి. ఆర్సీ మీ పేరుకు మారి, పాలసీ ఇంకా పాత ఓనర్ పేరునే ఉంటే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ దాదాపు పోయినట్టే. కొన్న 14 రోజుల్లో పాలసీ మార్పించుకోవాలి.

క్లెయిమ్ ఫారంలో ‘ప్రమాదం ఎలా జరిగింది’ అన్న చోట చాలామంది ‘కంట్రోల్ తప్పి యాక్సిడెంట్ అయింది’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెడతారు. ఇంకొందరు ఖాళీగా సంతకం చేసి సర్వీస్ అడ్వైజర్ చేతిలో పెడతారు. రెండూ వద్దు. ఇలా రాయండి: ‘రాత్రి సుమారు 9 గంటలకు హైదరాబాద్ వైపు వస్తున్నాను. చిట్యాల దాటాక గేదె అడ్డొస్తే ఎడమకు తిప్పాను. కారు ముందు ఎడమ మూల రెయిలింగ్‌కు తగిలింది. బంపర్, ఎడమ హెడ్‌లైట్, బానెట్ దెబ్బతిన్నాయి, ముందు అద్దం పగిలింది.’ ఎటు వైపు, దేనికి, ఎక్కడ తగిలింది అన్నవి ఉంటే డ్యామేజీకీ మీ మాటకూ పొంతన కుదురుతుంది. సర్వేయర్ చూసేది అదే.

7. సర్వేయర్ వచ్చే రోజు మీరూ ఉండండి

నష్టం 50,000 రూపాయలు దాటితే లైసెన్సు ఉన్న సర్వేయర్ చూడాలి. అంతకంటే తక్కువైతే కంపెనీ మనిషే రావచ్చు, వీడియో కాల్‌లోనూ కానివ్వొచ్చు. క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను పెట్టాలని, అతను 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలని, అది అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలని 2024 నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్‌లో ఉంది. మీ ఫైలు కదలకపోతే ఈ గడువులు గుర్తుచేస్తూ మెయిల్ పెట్టండి.

సర్వే కాకముందు బంపర్ విప్పనివ్వకండి. సర్వేయర్ వచ్చాక మాత్రం విప్పించి చూడమని మీరే అడగండి. పైకి చిన్న సొట్టలా కనిపించినా లోపల రేడియేటర్ సపోర్టు వంగి ఉండొచ్చు. మొదటి సర్వేలో రాయనిది తర్వాత బయటపడితే, పని ఆపించి మళ్లీ చూపించాలి. గ్యారేజీ వాళ్లు మార్చేసి ‘కంపెనీ ఇస్తుందిలే సార్’ అంటే నమ్మకండి.

మంచి సర్వేయర్ డ్యామేజీ మీద చెయ్యి పెట్టి చూస్తాడు. కొత్త గీతలో రేకు మెరుస్తుంటుంది, పెయింటు అంచు పదునుగా ఉంటుంది. పాత గీతలో దుమ్ము పట్టి, అంచున సన్నగా తుప్పు రంగు ఉంటుంది. ‘సార్, ఆ వెనక డోర్ కూడా ఇందులోనే కలిపేద్దాం’ అని అడ్వైజర్ ఎంత ప్రేమగా అన్నా ఒప్పుకోకండి. ముందు ఎడమ మూల రెయిలింగ్‌కు తగిలితే వెనక కుడి డోర్‌కు సొట్ట ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అతను కాదు, మీరు. ఆ ఒక్క డోర్ కోసం మిగతా క్లెయిమ్ మీదా అనుమానం పడుతుంది.

మీకు అసలైన పోరాటం ‘మార్చాలా, బాగుచేయాలా’ అన్న దగ్గర ఉంటుంది. సర్వేయర్ బాగుచేయమంటాడు, గ్యారేజీ కొత్తది వేయాలంటుంది. చాసిస్, సస్పెన్షన్, స్టీరింగ్ లాంటి వాటిలో మీరు గట్టిగా మార్చమనే అడగండి, గ్యారేజీ చేత కారణం రాయించండి. ఫెండర్ సొట్ట లాంటివి తీయించుకుంటే పోయేదేమీ లేదు.

8. బిల్లులో మీ వాటా ఎందుకు ఉంటుంది?

తరుగు కోయకుండా ఇచ్చే ‘జీరో డెప్’ యాడ్-ఆన్ లేని పాలసీలో వయసును బట్టి తరుగు కోస్తారు. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్‌లకు కారు వయసుతో పని లేకుండా 50 శాతం. ఫైబర్ గ్లాస్‌కు 30. గాజుకు కోత లేదు. ఇనుప భాగాలకు మొదటి ఆరు నెలలు కోత లేదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, ఐదేళ్ల లోపు 35, పదేళ్ల దాకా 40, ఆపైన 50. పెయింటింగ్ ఖర్చులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కేసి, అందులో సగం కోస్తారు.

మన గేదె కేసునే తీసుకుందాం. కారు వయసు మూడేళ్ల నాలుగు నెలలు, ఇంజన్ 1,200 సీసీ. లెక్క తేలిగ్గా ఉండాలని ధరలు గుండ్రంగా వేస్తున్నాను. బంపర్ 6,000, హెడ్‌లైట్ 8,000, బానెట్ 10,000, ముందు అద్దం 7,000, లేబర్ 5,000, పెయింటింగ్ 8,000. మొత్తం 44,000. బంపర్‌కు, ఈ కాలం హెడ్‌లైట్‌కు ప్లాస్టిక్ లెక్కన సగం, అంటే 3,000, 4,000 వస్తాయి. బానెట్‌కు 25 శాతం పోగా 7,500. అద్దానికి పూర్తిగా 7,000, లేబర్ 5,000. పెయింటింగ్‌లో రంగు ఖరీదు 2,000, అందులో సగం పోగా 7,000. కలిపితే 33,500. దీంట్లో తప్పనిసరి కోత 1,000 తీసేస్తారు (1,500 సీసీ దాటిన కార్లకు 2,000). చేతికి వచ్చేది 32,500, మీ జేబులోంచి 11,500. కూలెంట్, క్లిప్పులు, నట్లు బోల్టుల్లాంటివి కన్స్యూమబుల్స్ యాడ్-ఆన్ లేకపోతే దీనికి అదనం.

సర్వేయర్ లెక్క షీటు కాపీ అడిగి ఇలాగే ఒక్కో లైను సరిచూసుకోండి. ఇనుప భాగాన్ని ప్లాస్టిక్ కింద వేయడం, కారు వయసు ఒక మెట్టు ఎక్కువ పట్టడం లాంటి పొరపాట్లు మీరు చూడకపోతే ఎవరూ చూడరు.

9. చిన్న దెబ్బకు క్లెయిమ్ వేయాలా?

నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయని ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఏడాదికి ఏడాది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది, ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడుతుంది. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం బోనస్ లేకుండా 9,000 అనుకోండి, మీకు 50 శాతం ఉంది. క్లెయిమ్ వేస్తే మొదటి ఏడాది 4,500, తర్వాత వరసగా 2,700, 2,250, 1,350, 450 ఎక్కువ కడతారు. ప్రీమియం మారదనుకుంటే మొత్తం 11,250. కాబట్టి 8,000 వచ్చే క్లెయిమ్ కోసం ఆ బోనస్ పోగొట్టుకోవడం దండగ. బోనస్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉంటే లెక్క వేరు. ఇంకోటి, క్లెయిమ్ తీసుకుని మరుసటి ఏడాది వేరే కంపెనీకి మారి ‘నాకు బోనస్ ఉంది’ అని టిక్కు పెట్టకండి. ఆన్‌లైన్‌లో పాలసీ వస్తుంది, క్లెయిమ్ వేసిన రోజు బయటపడుతుంది.

10. కారు పనికిరాకుండా పోతే

రిపేరు ఖర్చు పాలసీలో రాసిన ఐడీవీ (కారుకు కట్టిన బీమా విలువ)లో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద తీసుకుంటారు. లోన్ ఉంటే డబ్బు ముందు బ్యాంకుకే పోతుంది. తుక్కు కారును ఎవరికి అమ్మినా మీ పేరున ఉన్న ఆర్సీ సంగతి తేల్చకుండా తాళాలు ఇవ్వకండి. ఆ నంబర్‌తో ఇంకో బండి తిరిగితే స్టేషన్ నుంచి ఫోన్ మీకే వస్తుంది.

11. మనుషులకు దెబ్బలు తగిలితే

ఇది వేరే దారి, మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌లో నడుస్తుంది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో పిటిషన్ వేయాలి, ఈ గడువు పట్టించుకోక నష్టపోయేవాళ్లు ఉంటారు. గుద్దిన బండి దొరకకపోయినా చనిపోయిన వారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50,000 హిట్ అండ్ రన్ పథకం కింద వస్తాయి. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం ప్రమాద బాధితులకు గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు డబ్బు కట్టకుండా వైద్యం ఉంది. ఆసుపత్రి వరండాలో ఖాళీ వకాల్తా మీద సంతకం అడిగేవాళ్లకు దూరంగా ఉండండి.

12. కంపెనీ కాదంటే

‘రిజెక్ట్ అయింది సార్’ అని ఫోన్‌లో చెప్తే ఒప్పుకోకండి. పాలసీలోని ఏ షరతు కింద కాదంటున్నారో రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ లెటర్ చేతిలో ఉంటేనే తర్వాతి మెట్టు ఎక్కగలరు. మొదట కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ చేయండి. దాంతోపాటు ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255కు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయించండి.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. కంపెనీ కాదన్న ఏడాది లోపు వెళ్లాలి. అదే విషయంపై వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి మొదట ఇక్కడికే వెళ్లడం మేలు. ఇక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువు ఉంటుంది. ఏ మెట్టు దగ్గరైనా జత చేయాల్సినవి అవే: రోడ్డు మీద తీసిన ఫొటోలు, క్లెయిమ్ నంబర్ మెసేజ్, ఫారం కాపీ, సర్వే షీటు, రిజెక్షన్ లెటర్. అన్నీ ఒకే ఫోల్డర్‌లో తేదీల వారీగా పెట్టి, మొదటి పేజీలో జరిగినదంతా పది వాక్యాల్లో రాయండి. వినేవారికి మీ కేసు అర్థమయ్యేది ఆ పేజీతోనే.